మేపుల్ చెట్టుకు మందు కొట్టించే ముందు దాని మొదలు చూడండి

న్యూజెర్సీలో కొత్తగా కొన్న ఇంటి ముందు పెద్ద మేపుల్ ఉందని, ఆకుల నిండా తారు చుక్కల్లాంటి మచ్చలు వచ్చాయని, ఒక పక్క కొమ్మలు ఆగస్టులోనే పసుపు తిరిగాయని, మందు కొట్టించాలా అని అడిగారు. నాకు తెలిసినంతలో మీరు చెప్పినవి రెండు వేర్వేరు జబ్బులు. మచ్చల సంగతి వదిలేయండి, పట్టించుకోవాల్సింది ఆ పసుపు కొమ్మలనే. ఈ తేడా తెలియక నేను రెండేళ్లు మచ్చల మీద డబ్బు తగలేశాను.

ముందు ఒక ఆకు కోసి కాడ తుంచండి. జిల్లేడుకు కారినట్లు పాలు కారితే అది నార్వే మేపుల్. ఇక్కడి వీధుల్లో ఎల్మ్ చెట్లు తెగులుతో పోయాక వాటి బదులు ఊరూరా నాటిన చెట్లలో ఇదొకటి. తారు మచ్చ దీనికి మామూలే. దాన్ని తెచ్చే శిలీంధ్రం రాలిన ఆకుల్లో చలికాలం గడిపి, వసంతంలో గాలివాటున కొత్త ఆకులకు చేరుతుంది. మొదట లేత పసుపు చుక్క, ఆగస్టు దాటేసరికి వేలితో తడిమితే తగిలేంత ఉబ్బెత్తు నల్ల మచ్చ. చూడటానికి బాగుండదు గాని చెట్టును చంపదు. మచ్చ కనబడ్డాక కొట్టే మందు ఎందుకూ పనికిరాదు. అయినా మా లాన్ చూసే కంపెనీవారు సెప్టెంబరులో వచ్చి కొట్టి, బిల్లు చేతిలో పెట్టి వెళ్లారు. రాలిన ఆకులు ఊడ్చి పంపేస్తే చాలు. పక్కింటివారు ఊడ్వకపోతే మళ్లీ వస్తాయి, రానివ్వండి.

ఇక కొమ్మలు. మా చెట్టు దక్షిణం పక్క ఆగస్టులోనే పసుపెక్కితే, ఈసారి ఫాల్ ముందే వచ్చిందని మురిసిపోయి ఫొటోలు తీసి నాన్నకు పంపాను. ఆయనకు నూజివీడు దగ్గర మామిడి తోట ఉంది. "పండిన ఆకులా లేదురా, ఎండుతున్న ఆకులా ఉంది" అన్నారు. మరుసటి వేసవిలో ఇక్కడికి వచ్చినప్పుడు తల పైకెత్తి ఆకులు చూడనే లేదు. చెట్టు కింద గొంతుక్కూర్చుని, మొదలు చుట్టూ చెక్కముక్కలతో పుట్టలా పోసిన మల్చ్‌ను చేత్తో తోడటం మొదలుపెట్టారు. "పీకల దాకా పాతిపెట్టారేమిటిరా దీన్ని!"

జానెడు లోతు తీశాక కనిపించింది. మణికట్టంత లావు వేరు ఒకటి, బయటికి పాకాల్సింది పోయి, మాను చుట్టూ తిరిగి బిగుసుకుంది. అది తగిలిన చోట మాను లోపలికి అణిగిపోయి ఉంది. సరిగ్గా ఆ పైనున్న కొమ్మలే పసుపెక్కినవి. నర్సరీ కుండీలో గుండ్రంగా తిరిగిన వేళ్లను నాటేటప్పుడు విప్పకపోయినా, లోతుగా పాతినా, ఏటా మల్చ్ మీద మల్చ్ పోసినా ఇలా అవుతుంది. మాను లావెక్కే కొద్దీ ఉరి బిగుస్తుంది.

బాగున్న చెట్టు మొదలు నేల దగ్గర ఏనుగు పాదంలా వెడల్పవుతుంది. మీది కరెంటు స్తంభంలా నిలువుగా నేలలోకి దిగిపోతే తవ్వి చూడాల్సిందే. వేరు సన్నదైతే ఉలితో మీరే కోయవచ్చు. లావుదైతే సర్టిఫికెట్ ఉన్న ఆర్బరిస్టును, అంటే చెట్ల వైద్యుణ్ణి పిలవండి. గాలి ఒత్తిడితో మట్టిని ఊదేసి, మంచి వేళ్లకు దెబ్బ తగలకుండా చూస్తారు. లావు వేళ్లన్నీ ఒకేసారి కోసేయకూడదు. మాకు రెండు వేళ్లను రెండేళ్లలో తీశారు. ఎండిన కొమ్మలు తిరిగి చిగురించలేదు. మిగతా ఆకు మూడో ఏటికి చిక్కబడింది.

మల్చ్ రెండు మూడు అంగుళాల మందం చాలు. అదీ మానుకు తగలకుండా, గారెకు చిల్లు ఉన్నట్లు మధ్యలో ఖాళీ వదిలి పరవాలి. నీళ్ల విషయంలో మనకు పాదు చేసి చెట్టు మొదలు దగ్గరే పోసే అలవాటు ఒకటుంది. పెద్ద చెట్టుకు నీళ్లు తాగే వేళ్లు కొమ్మల చివర్ల కింద, ఇంకా అవతల కూడా ఉంటాయి. వాన లేని వారాల్లో పైపు అక్కడ సన్నగా వదలండి.

మొదలు శుభ్రంగానే ఉంటే ఎండిన కొమ్మను ఏటవాలుగా కోసి చూడండి. బెరడు కింది చెక్కలో ఆకుపచ్చ చారలుంటే వెర్టిసిలియం వడలు తెగులని అనుమానించాలి. రట్గర్స్ విశ్వవిద్యాలయం వారి మొక్కల తెగుళ్ల ల్యాబుకు ముక్క పంపితే రుసుము తీసుకుని తేల్చి చెబుతారు. ఇది మట్టిలో ఉంటుంది, మందు లేదు. మన వంకాయ, టమాటా, బెండలకూ ఇదే పడుతుంది కాబట్టి ఆ పక్కన కూరల మడి వేయకండి. చెట్టు పోయినా ఆ గుంటలో మళ్లీ మేపుల్ పెట్టకండి.

మాను మీద పెన్సిల్ దూరేంత గుండ్రటి రంధ్రాలు కనిపిస్తే మాత్రం వెంటనే రాష్ట్ర వ్యవసాయ శాఖకు చెప్పండి. 1996లో బ్రూక్లిన్‌లో బయటపడ్డ ఆసియా పొడవు కొమ్ముల పురుగు పని అయి ఉండవచ్చు. న్యూజెర్సీలో దాన్ని నిర్మూలించామని 2013లో ప్రకటించారు గాని, మేపుల్ అంటే దానికి మహా ఇష్టం.

ఇంకొకటి, ఫిబ్రవరి చివర్లో కొమ్మ కోస్తే నీరు ధారగా కారుతుంది. దానివల్ల చెట్టుకు నష్టం లేదు. నాన్న మామిడికి పూసినట్లు బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూద్దామన్నారు, నేనే వద్దన్నాను. ఇక్కడ కోత మీద ఏమీ పూయరు, చెట్టే మూసుకుంటుంది. ఆయన ఇప్పటికీ ఒప్పుకోలేదు.

ఈ వారాంతంలో మల్చ్ తోడి, మొదలు ఫొటో నాలుగు పక్కల నుంచీ తీసి పెట్టండి. వేరు ఎంత లావుందో తెలిసేలా పక్కన చెయ్యి ఉంచండి.