హై-ఫై పత్రికల చందా దండగేనా?

ప్రశ్న: నేను చిత్తూరులో ప్రభుత్వ ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుణ్ణి. వయసు 42. నెలకు చేతికొచ్చే జీతం 78,000 రూపాయలు. ఇంటి రుణం వాయిదాతో కలిపి ఖర్చు 55,000, అమ్మాయి చదువు కోసం కట్టే సిప్ 8,000. కర్ణాటక సంగీతమంటే నాకు ప్రాణం. మూడేళ్లుగా రెండు విదేశీ హై-ఫై (ఇంట్లో సంగీతం వినే మేలిరకం పరికరాల) పత్రికలకు ఏడాదికి 16,000 రూపాయల చందా కడుతున్నాను. వాటిని చదివే స్పీకర్లు, డాక్ (డిజిటల్ రికార్డింగును ధ్వని సంకేతంగా మార్చే పరికరం), కేబుళ్లు కొన్నాను. ఈ మధ్య 60 వాట్ల యాంప్లిఫయర్ తీసేసి 95,000 రూపాయలు పెట్టి 100 వాట్లది తెచ్చాను. పరికరాలన్నిటికీ కలిపి 3,10,000 అయింది, పాతవి అమ్మితే 85,000 వచ్చింది. యాంప్లిఫయర్ కోసం తీసుకున్న నో-కాస్ట్ ఈఎంఐలో నెలకు 6,200 చొప్పున ఇంకా ఎనిమిది వాయిదాలున్నాయి. అత్యవసరాలకని బ్యాంకులో 1,20,000 ఉంచాను. పత్రికలు మానేస్తే ఖర్చు అదుపులోకి వస్తుందని నా భార్య అంటోంది. ఇవి చదవడం వల్ల నిజంగా ప్రయోజనం ఉందా?

జవాబు: ముందు మీ లెక్కలోనే ఉన్న విషయం చూద్దాం. మూడేళ్లలో చందాకు 48,000 రూపాయలు పోగా, పాతవి అమ్మగా వచ్చింది తీసేస్తే పరికరాలకు నికరంగా 2,25,000 ఖర్చయింది. రెండూ కలిపితే 2,73,000, అంటే నెలకు దాదాపు 7,600 రూపాయలు. ఇందులో చందా వాటా ఆరో వంతు కంటే కాస్త ఎక్కువ, అంతే. మిగతాదంతా చదివిన తరువాత చేసిన కొనుగోళ్లది. కాబట్టి ఖర్చు విషయంలో మీ శ్రీమతి గారి ఆందోళన న్యాయమైనదే కానీ, పత్రిక మానేసినంత మాత్రాన ఆ ఖర్చు ఆగదు. ఒక పత్రికను ఉంచుకోమనీ, దాన్ని చదివే తీరు మార్చుకోమనీ నా సలహా. ఈ పత్రికల్లో విలువైన విద్య ఉందని నేను గట్టిగా నమ్ముతాను. అది ఏ పేజీల్లో ఉందో తెలుసుకుంటే మీ చందా సొమ్ముకు ఎన్నో రెట్లు మిగులుతుంది.

ఈ పత్రికలు పుట్టిన తీరు తెలిస్తే వాటిలో దేన్ని ఎంతవరకు నమ్మాలో అర్థమవుతుంది. ప్రకటనలిచ్చే కంపెనీల వస్తువులను విమర్శించడానికి అప్పటి పత్రికలు వెనుకాడుతున్నాయన్న అసంతృప్తితోనే జె. గోర్డన్ హోల్ట్ 1962లో అమెరికాలో స్టీరియోఫైల్‌ను మొదలుపెట్టారు. 1973లో ది అబ్సొల్యూట్ సౌండ్‌ను స్థాపించిన హ్యారీ పియర్సన్, మైకు సాయం లేకుండా నిజమైన ప్రదేశంలో వినిపించే సంగీతమే పరికరాలకు గీటురాయి కావాలని పట్టుబట్టారు. రెండూ పాఠకుడి పక్షాన మొదలైన పత్రికలే. అయితే నేడు వీటిలో తయారీదారుల ప్రకటనలు నిండుగా ఉంటాయి, సమీక్షకు పరికరాలను ఆ తయారీదారులే పంపుతారు, సమీక్షకులు వాటిని తగ్గింపు ధరకు కొనుక్కునే ఆనవాయితీ కూడా ఉంది. ఇంతమాత్రాన సమీక్షకులు అబద్ధాలు రాస్తారని నేను అనను. చాలామంది నిజాయితీగా, గొప్ప శ్రద్ధతో వింటారు. కానీ ప్రతి నెలా కొత్త వస్తువు గురించి రాయవలసిన పత్రికకు, మీ ఇంట్లో ఉన్నది చాలునని చెప్పే సందర్భం రాదు. ఆ మాట మీకు మీరే చెప్పుకోవాలి.

అలా చెప్పుకోవడానికి కావలసిన ఆధారం కూడా ఇలాంటి పత్రికల్లోనే దొరుకుతుంది. 1986లో సంపాదకుడిగా వచ్చిన జాన్ అట్కిన్సన్ హయాంలో స్టీరియోఫైల్ సమీక్షలకు ప్రయోగశాల కొలతలు తోడయ్యాయి. ఒకరు విని రాసిన అభిప్రాయం వెంటే యంత్రాలతో తీసిన గ్రాఫులు ఉంటాయి; రాసినవారికి అమితంగా నచ్చిన వస్తువులో కొలతలు లోపం చూపించిన సందర్భాలూ ఉన్నాయి. ఇకపై ఏ సమీక్షనైనా ఈ కొలతల పేజీతో మొదలుపెట్టి, వర్ణన భాగాన్ని ఆ తరువాత చదవండి.

మీ యాంప్లిఫయర్‌నే తీసుకోండి. 60 వాట్ల నుంచి 100 వాట్లకు మారితే మీ స్పీకర్ల నుంచి రాగల గరిష్ఠ ధ్వని పెరిగేది 2.2 డెసిబెళ్లు (శబ్ద తీవ్రతకు కొలమానం) మాత్రమే. వాట్లు రెట్టింపైనా పెరిగేది 3 డెసిబెళ్లే. మన చెవికి శబ్దం రెట్టింపైనట్టు అనిపించాలంటే సుమారు 10 డెసిబెళ్లు, అంటే పది రెట్ల వాట్లు కావాలి. మామూలు గదిలో తీరిగ్గా సంగీతం వినే సమయంలో ఎక్కువసేపు ఖర్చయ్యేది కొద్ది వాట్లే. అదే 3 డెసిబెళ్లు, 86 డెసిబెళ్ల సెన్సిటివిటీ (ఇచ్చిన విద్యుత్తుకు స్పీకరు ఎంత బిగ్గరగా మోగుతుందో చెప్పే అంకె) ఉన్న స్పీకరుకు బదులు 89 ఉన్నది ఎంచుకుంటే యాంప్లిఫయర్ మార్చకుండానే వస్తాయి. పత్రికలో సెన్సిటివిటీ, ఇంపిడెన్స్ (విద్యుత్తుకు స్పీకరు చూపే నిరోధం, ఓమ్‌లలో) అన్న రెండు అంకెలను చదవడం అలవాటై ఉంటే ఆ 95,000 రూపాయలు మీ దగ్గరే ఉండేవి. పాత యాంప్లిఫయర్ నాలుగు ఓమ్‌ల స్పీకర్లను నడపలేక వేడెక్కుతూ ఉంటే మార్పుకు అర్థముంది. మీ ప్రశ్నలో అలాంటి ఇబ్బంది ఏదీ కనబడలేదు.

కళ్లు చెవులను ఎలా ప్రభావితం చేస్తాయో కూడా మీరు లెక్కలోకి తీసుకోవాలి. ఆడియో పరికరాలు తయారుచేసే హర్మన్ సంస్థలో పనిచేసిన ఫ్లాయిడ్ టూల్, షాన్ ఓలివ్ 1994లో ప్రచురించిన పరిశోధనలో, 40 మంది శ్రోతలకు అవే స్పీకర్లను ఒకసారి తెర వెనుక, మరొకసారి కళ్లెదుట ఉంచి వినిపించారు. కనబడుతున్నప్పుడు పెద్దవాటికీ ఖరీదైనవాటికీ మార్కులు పెరిగాయి, చిన్నదానికి తగ్గాయి. పత్రికల సమీక్షలు చాలావరకు పరికరం పేరూ ధరా తెలిసి, దాన్ని ఎదురుగా పెట్టుకుని రాసినవే. పైగా వాటిలో పరీక్షకు వాడేది పాశ్చాత్య వాద్యబృందాలనూ జాజ్‌నూ. మృదంగంలో తొప్పి వైపు నాదం, తంబురా శ్రుతి, వీణ గమకం ఒక స్పీకరులో ఎలా పలుకుతాయో అక్కడ రాసేవారు అరుదు. ఆ పరీక్ష మీరే చేసుకోవాలి. మీకు కంఠతా వచ్చిన రెండు మూడు రికార్డింగులు పట్టుకుని చెన్నై వెళ్లండి. ఉదయం వెళ్లి రాత్రికి తిరిగి రావచ్చు. షోరూములో రెండు పరికరాలను ఒకే శబ్దస్థాయిలో పెట్టించి, ఏది మోగుతోందో చూడకుండా వినండి. కాస్త బిగ్గరగా మోగేదే మేలైనదిగా అనిపిస్తుంది కనుక శబ్దస్థాయి సమంగా ఉండటం తప్పనిసరి. పియర్సన్ చెప్పిన గీటురాయి మనకు దూరంలో లేదు: తిరుపతి గోవిందరాజస్వామి ఆలయ ఉత్సవాల్లో మైకు లేకుండా నాదస్వరం, డోలు దగ్గరగా వినవచ్చు. ఆ ధ్వని చెవిలో ఉన్న శ్రోతను వర్ణనలు సులభంగా ఒప్పించలేవు.

గది గురించి ఒక్క మాట. మీ గది పొడవు 14 అడుగులైతే, 40 హెర్ట్జ్ దగ్గర, అంటే బాగా మంద్రంగా ఉండే ధ్వని గోడల మధ్య నిలిచి కొన్నిచోట్ల ఉబ్బుతుంది, కొన్నిచోట్ల సన్నబడుతుంది. యాంప్లిఫయర్ గానీ కేబుల్ గానీ దాన్ని సరిచేయలేవు. స్పీకర్లను గోడకు కాస్త ఎడంగా జరపడం, మీరు కూర్చునే చోటు మార్చడం, టైల్స్ నేల మీద మందపాటి జంపఖానా పరచడం వంటివి తదుపరి కొనుగోలుకు ముందే చేయవలసిన పనులు.

ఇక డబ్బు విషయం. మీ నెల ఖర్చు 55,000 కాబట్టి ఆరు నెలల అత్యవసర నిధిగా 3,30,000 రూపాయలు ఉండాలి. ఉన్నది 1,20,000, లోటు 2,10,000. మూడేళ్లలో పరికరాలకు నికరంగా పోయిన మొత్తం ఈ లోటు కంటే 15,000 ఎక్కువ. మీరు మనసు పెట్టి చూడవలసిన అంకె ఇదేనని నా అభిప్రాయం. నో-కాస్ట్ ఈఎంఐ అన్న పేరును కూడా నమ్మకండి. సున్నా వడ్డీ అనేది ఉండదనీ, ఆ భారం వేరే రూపంలో వినియోగదారుడి మీదే పడుతుందనీ రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులను హెచ్చరించింది. సాధారణంగా మొత్తం సొమ్ము ఒకేసారి కడితే దొరికే తగ్గింపును మీరు వదులుకుంటారు. వడ్డీ భాగం మీద 18 శాతం జీఎస్టీ కూడా పడుతుంది. మిగిలిన ఎనిమిది వాయిదాలను గడువు తప్పకుండా కట్టండి, ఎందుకంటే ఇది క్రెడిట్ కార్డు మీద తీసుకున్నదైతే, బకాయి మిగిలినప్పుడు చాలా కార్డుల మీద నెలకు మూడున్నర శాతం దాకా వడ్డీ పడుతుంది. ముందే తీర్చేయాలనుకుంటే, అందుకు రుసుము ఎంతో అడిగి తెలుసుకున్నాకే నిర్ణయించుకోండి.

ఖర్చులు, సిప్, ఈ వాయిదా పోను మీకు నెలకు 8,800 మిగులుతోంది. అందులో 5,000 రూపాయలు అత్యవసర నిధికి రికరింగ్ డిపాజిట్‌గా కట్టండి. ఎనిమిది నెలల తరువాత వాయిదా ముగియగానే ఆ 6,200 కూడా దీనికే కలిపితే, వడ్డీ లెక్కించకుండానే రెండేళ్లలో లోటు పూడుతుంది. మరో 2,000 రూపాయలను సంగీతం కోసమే ఒక వేరే పొదుపు ఖాతాలో వేయండి. పత్రిక చందా, రికార్డింగులు, చెన్నై ప్రయాణం, పరికరం మరమ్మతు అన్నీ దాని నుంచే జరగాలి. ఆ ఖాతాలో లేని సొమ్ముతో, వాయిదాల మీద ఏ పరికరమూ కొనవద్దు. ఆ ఖాతా వివరాలు మీ శ్రీమతి గారికి కూడా కనబడేలా జాయింటుగా తెరిస్తే మంచిది. అత్యవసర నిధి నిండేదాకా కొత్త పరికరాల ఊసు వద్దు. ఆ రెండేళ్లలో పత్రికను కొలతలు చదవడం నేర్చుకోవడానికి వాడుకోండి.

రెండు పత్రికల్లో దేన్ని ఉంచుకోవాలో తేల్చుకోవడానికి పాత సంచికలు ముందేసుకుని, ఏ పత్రికలో కొలతలు క్రమంగా ఇస్తున్నారో, ఏ పత్రిక వస్తువుల్లో లోపాలను స్పష్టంగా రాస్తోందో చూడండి. తపాలా ఖర్చు ఉండదు కనుక, ఉంచుకున్న పత్రిక డిజిటల్ ప్రతికి మారితే చందా బాగా తగ్గుతుంది. స్టీరియోఫైల్ అయితే ఎన్నో పాత సమీక్షలనూ కొలతలనూ ఇంటర్నెట్‌లో ఉచితంగానే ఉంచింది కాబట్టి, దానికి డబ్బు కట్టే ముందు అవి చదివి చూడండి. రెండో పత్రికకు మీ కార్డు నుంచి ఏటా చందా దానంతట అదే పోయేలా అనుమతి ఇచ్చి ఉంటే, గడువు దగ్గరపడేదాకా ఆగకుండా ఈ వారమే రద్దు చేయండి.