వేగం నిలిచినన్ని కిక్కులే చాలు: డాల్ఫిన్ కిక్ నేర్పుతున్న తమ్ముడికి లేఖ

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నీ దగ్గర ఈత నేర్చుకుంటున్న పిల్లలు నీటిపైన బాగానే ఈదుతున్నా, గోడను తన్ని బయలుదేరి పైకి తేలేసరికి పక్క లేన్‌లోని వారికంటే నిలువెత్తు దూరం వెనకబడుతున్నారని, అందుకని వారానికి మూడు రోజులు 25 మీటర్ల దూరమంతా నీటి అడుగునే డాల్ఫిన్ కిక్ (రెండు కాళ్లూ కలిపి, శరీరాన్ని అలలా ఆడిస్తూ కొట్టే కిక్) కొట్టిస్తున్నానని రాశావు. అన్నిటికంటే ముందు ఆ సెట్‌ను రేపటి నుంచే ఆపెయ్యి. ప్రాణానికి సంబంధించిన కారణం ఒకటుంది, దాన్ని తర్వాత వివరంగా రాస్తాను. రెండో కారణం ఏమిటంటే, ఆ దూరంలో చివరి 10 మీటర్లు పిల్లలు సాధన చేస్తున్నది వేగాన్ని కాదు. ఊపిరి అందక, నడుము బిగుసుకుపోయి, మోకాళ్లు మాత్రమే ఆడించడాన్ని. ఏది ఎక్కువసార్లు చేయిస్తే శరీరం దాన్నే నేర్చుకుంటుంది.

నీటి అడుగున ఎందుకు వేగంగా పోగలమో పిల్లలకు ఒక్కసారి విడమరిచి చెప్పు, అర్థమైతే శ్రద్ధ పెడతారు. నీటిపైన ఈదే శరీరం అలలు లేపుతుంది, ఆ అలలు లేపడానికి ఖర్చయ్యే బలం ముందుకు సాగడానికి పనికిరాదు. అర మీటరు దాటి లోతుకు వెళితే ఆ నిరోధం చాలావరకు తగ్గిపోతుంది. 1988 సియోల్ ఒలింపిక్స్ 100 మీటర్ల బ్యాక్‌స్ట్రోక్‌లో (వెల్లకిలా ఈదే పోటీలో) అమెరికా ఈతగాడు డేవిడ్ బెర్కాఫ్, జపాన్ ఈతగాడు డైచి సుజుకి ఇద్దరూ మొదటి 50 మీటర్లలో సగానికి మించి నీటి అడుగునే వెళ్లారు, సుజుకి 55.05 సెకన్లలో స్వర్ణం గెలిచాడు. ఆ తర్వాత బ్యాక్‌స్ట్రోక్‌లో నీటి అడుగున వెళ్లే దూరానికి పరిమితి వచ్చింది. 1996 అట్లాంటాలో రష్యా ఈతగాడు డెనిస్ పంక్రతోవ్ అదే విద్యతో బటర్‌ఫ్లై (రెండు చేతులూ ఒకేసారి ముందుకు విసిరే ఈత) 100, 200 మీటర్లు రెండూ గెలిచాడు. 1998 నుంచి బటర్‌ఫ్లైకి, ఫ్రీస్టైల్‌కి కూడా 15 మీటర్ల హద్దు పెట్టారు, ఆ గీత దగ్గరికి వచ్చేసరికి తల నీటిపైకి రావాలి. అయినా 25 మీటర్ల కొలనులో 100 మీటర్ల రేసు అంటే 60 మీటర్ల దాకా నీటి అడుగున ఉండనిస్తారన్నమాట. బ్రెస్ట్‌స్ట్రోక్‌కు (కప్ప ఈతకు) స్టార్ట్‌లో, గోడ దగ్గర వెనక్కి మళ్లే ప్రతి టర్న్‌లో ఒక్కొక్క డాల్ఫిన్ కిక్కే గనుక దాన్ని ఇప్పటికి పక్కన పెట్టు.

ఇక అసలు విషయానికి వస్తాను. కిందికి కొట్టే దెబ్బ ఎవరికైనా వస్తుంది, ఎందుకంటే అది బంతిని తన్నినట్టే ఉంటుంది. పైకి లేపే దెబ్బను మాత్రం నూటికి తొంభైమంది పిల్లలు విశ్రాంతిగా వాడుకుంటారు. కాలు కిందికి కొట్టాక మోకాలు మడిచి, మడమను పిరుదుల వైపు లాక్కుంటారు. అప్పుడు తొడలు ప్రవాహానికి అడ్డంగా నిలబడి, అంతకుముందు సంపాదించిన వేగాన్ని తినేస్తాయి. కాలు నిటారుగా ఉండగానే, పిరుదుల కండరాలతో, తొడ వెనక కండరాలతో పైకి లేపాలి. అరికాలు నీటిని నెడుతున్నట్టు పిల్లవాడికి తెలియాలి. మోకాలు మడవడం ఆ లేపడం చివర్లో తనంతట తానే వస్తుంది.

ఈ లోపాన్ని ఒడ్డున నిలబడి చూడలేవు. నేను చేసే పని ఇది: లోతైన వైపు పిల్లవాణ్ణి గోడకు మూరెడు దూరంలో, గోడవైపు ముఖం పెట్టి, చేతులు ఛాతీకి అడ్డంగా కట్టుకుని, నిలువుగా కిక్ కొట్టమంటాను. ముందుకు కొట్టే దెబ్బే (బోర్లా ఉన్నప్పుడు కిందికి కొట్టేది) బలంగా ఉంటే వాడు పది, పదిహేను సెకన్లలో గోడ నుంచి వెనక్కి జరిగిపోతాడు. రెండు దెబ్బలూ సమానమైతే ఉన్నచోటే ఉంటాడు. ఎవరూ నోరు విప్పి తప్పు చెప్పనక్కరలేదు, గోడే చెబుతుంది. ఒక అమ్మాయి మొదటి రోజు బారెడు దూరం వెనక్కి వెళ్లి, మూడు వారాలకు గోడ దగ్గరే నిలిచింది. ఆమె చేతులు కట్టుకున్న చోట వేళ్లు తెల్లబడి ఉండేవి, అంత బిగబట్టేది. ఆ బిగువు వదిలించడానికి మరో రెండు వారాలు పట్టింది, కాని వదిలిన రోజున కదలిక ఛాతీ కింది నుంచి పాదాల దాకా ఒకే అలలా సాగింది.

నిలువు కిక్ తర్వాత వెల్లకిలా, బోర్లా, పక్కకు తిరిగి కూడా చేయించు. పక్కకు తిరిగి కొట్టడం వింతగా తోచినా, 2000 సిడ్నీలో 200 మీటర్ల బటర్‌ఫ్లై గెలిచిన మిస్టీ హైమన్ ఆ పద్ధతికే పేరు పొందింది. ఏ వైపు తిరిగినా చేతులు, తల కదలకూడదు. చేతివేళ్లు కిందికీ పైకీ ఊగితే ముందుకు పోవలసిన శరీరం వంకరలు పోతుంది. చీలమండల వదులు కోసం రోజూ కొద్దిసేపు సాగదీయించు, అంతేగాని బలవంతంగా మీగాళ్ల మీద కూర్చోబెట్టకు. ఫిన్స్ (పాదాలకు తొడిగే రెక్కలు) అనుభూతి తెలియడానికి మంచివే, అలవాటైతే మాత్రం అవి లేని పాదం మొద్దుబారినట్టు ఉంటుంది. నడుము నొప్పి అన్నవాణ్ణి ఆ రోజు కిక్ సెట్ నుంచి తప్పించు.

గోడను తన్నిన క్షణాన ఉండే వేగం కిక్ ఇవ్వగల వేగం కంటే ఎక్కువ. కాబట్టి కాళ్లు వెంటనే ఆడించడం మొదలుపెడితే అది బ్రేకు వేసినట్టే. శరీరాన్ని బాణంలా ఉంచి కొద్దిసేపు జారనిచ్చి, వేగం తగ్గుతున్నదని తెలియగానే మొదటి కిక్ కొట్టాలి. ఆలస్యం కూడా నష్టమే, ఎందుకంటే పడిపోయిన వేగాన్ని తిరిగి లేపడం నిలబెట్టడం కంటే కష్టం. అల ఎంత పెద్దదిగా ఉండాలి, ఎంత త్వరగా కొట్టాలి అన్నదానికి అందరికీ ఒకే కొలత లేదు. 10 మీటర్ల దగ్గర తల దాటే సమయాన్ని స్టాప్‌వాచ్‌తో చూసుకుంటూ, అదే పిల్లవాడితో పెద్ద కిక్కులు, చిన్న కిక్కులు కొట్టించి పోల్చు.

ఇప్పుడు గోడను తన్నిన ప్రతిసారీ ఎన్ని కిక్కులు కొట్టాలన్న సంఖ్య. పూర్తి విశ్రాంతి ఇస్తూ 15 మీటర్లు ఎనిమిదిసార్లు గరిష్ఠ వేగంతో కొట్టించి, ఏ కిక్ దగ్గర వేగం సడలుతున్నదో పక్కనుంచి తీసిన వీడియోలో చూడు. ఐదో కిక్ తర్వాత సడలితే వాడి సంఖ్య ఐదు. ఆ ఐదూ మామూలు సాధనలోని ప్రతి టర్న్‌లో, అలసిపోయిన చివరి టర్న్‌లో కూడా ఉండాలి. ప్రత్యేక సెట్‌లో తొమ్మిది కొట్టి, రేసు చివరి గోడ దగ్గర రెండుతో పైకి వచ్చేవాళ్లను ఎంతోమందిని చూశాను. కొన్ని వారాల పాటు ఆ సంఖ్య నిలకడగా వచ్చాకే ఒకటి పెంచు. చివరి కిక్‌లోనే మొదటి చేతి లాగుడు కలిసిపోవాలి, మొదటి స్ట్రోక్‌లో ఊపిరి తీసుకోనివ్వకు.

ప్రాణం సంగతి చెబుతానన్నాను. చాలా ఏళ్ల కిందట, ఎవరు ఎక్కువ దూరం నీటి అడుగున వెళ్తారో చూద్దామని నేనే పోటీ పెట్టాను. ఒక కుర్రవాడు బయలుదేరే ముందు గబగబా గుండెల నిండా పదిసార్లు ఊపిరి పీల్చి వదిలాడు. దాన్ని ఉత్సాహం అనుకున్నాను. సగం దూరం దాటాక వాడి కాళ్లు ఆగిపోయాయి, బుడగలు కూడా ఆగాయి, తల వాలి మెల్లగా కిందికి దిగుతున్నాడు. దూకి బయటికి తెచ్చాము, ఒడ్డున కళ్లు తెరిచాడు. అలా వేగంగా ఊపిరి పీలిస్తే రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది, ఊపిరి కావాలని హెచ్చరించేది అదే. హెచ్చరిక రాకముందే ప్రాణవాయువు అయిపోయి స్పృహ తప్పుతుంది, ముందుగా ఏ గుర్తూ కనిపించదు. అందుచేత నీ కొలనులో ఊపిరి బిగబట్టే పోటీలు వద్దు, బయలుదేరే ముందు వరస ఊపిర్లు వద్దు, నీ కళ్లు నీటి మీద లేనప్పుడు ఎవరూ నీటి అడుగున కిక్ కొట్టకూడదు. ఈ మూడింటిలో ఎంత మంచి ఈతగాడికైనా మినహాయింపు ఇవ్వకు.

ఆరు వారాల తర్వాత నాకు మళ్లీ రాయి. ఒక్కొక్క పిల్లవాడి పేరు ఎదుట మొదటి టర్న్‌లో ఎన్ని కిక్కులు, చివరి టర్న్‌లో ఎన్ని కిక్కులు అన్న రెండు అంకెలు వేసి పంపితే చాలు. ఆ రెండింటి మధ్య తేడా చూసి, తర్వాత ఏం చేయించాలో రాస్తాను.

నీ క్షేమం కోరే
అన్నయ్య