వేసవి ఇంటర్న్‌షిప్‌తో సేవకు (పాస్టరు పనికి) దేవుని పిలుపు ఉందో లేదో తేలుతుందా?

డిగ్రీ రెండో ఏడు పూర్తయింది, ఈ సెలవుల్లో హన్మకొండలో మా పాస్టరు గారి దగ్గర ఇంటర్న్‌షిప్ చేస్తే పిలుపు సంగతి తేలుతుందా అని మీరు అడిగారు.

పూర్తిగా తేలదు. పాస్టరు పని ఎలా ఉంటుందో మాత్రం బాగా తెలుస్తుంది. ప్రసంగం ఎప్పుడు ఇస్తారా అని ఎదురుచూడకండి, ఆ పనిలో అది చిన్న భాగం. మే ఎండలో ఇంటింటి దర్శనాలకు వెంట వెళ్లండి. ఎంజీఎం ఆసుపత్రిలో ఉన్న సంఘస్తులను చూడటానికి పాస్టరు గారు వెళ్తే, మంచం పక్కన ఆయన ఎంతసేపు వింటున్నారో, ప్రార్థన ఎంత క్లుప్తంగా ముగిస్తున్నారో గమనించండి. వీబీఎస్ (సెలవుల్లో పిల్లలకు నడిపే బైబిల్ బడి) పిల్లల గోల, భూస్థాపన (ఖననం), కానుకల లెక్క, కమిటీ తగవులు అన్నీ చూడాలి. తగవులు చూశాక కూడా మనసు అటే లాగితే, అది పట్టించుకోదగ్గ విషయమే (చాలామంది అక్కడే జారుకుంటారు).

తొందరేం లేదు. డోర్నకల్ బిషప్ అజరయ్య గారు కూడా ముందు వైఎంసీఏ అనే క్రైస్తవ యువజన సంస్థలో ఏళ్ల తరబడి పనిచేశాకే, 1909లో గురువుగా (పాస్టరుగా) డోర్నకల్ వచ్చారు. 1912లో బిషప్ అయ్యారు.

డిగ్రీ వదలొద్దు. సీఎస్‌ఐ (దక్షిణ ఇండియా సంఘం) లాంటి సంఘాల్లో బి.డి.కి (పాస్టర్లు చదివే వేదాంత డిగ్రీకి) వెళ్లాలంటే సంఘం సిఫారసు కావాలి, కాబట్టి మీ ఆలోచన పాస్టరు గారికి ఇప్పుడే చెప్పండి. బస్సు ఖర్చులు ఎవరివో కూడా మొదటి రోజే అడిగేయండి, మొహమాటం వద్దు.