శ్రీకాకుళం, విజయనగరం నేపథ్యంగా చిన్న సినిమా తీయాలంటే యాస, లొకేషన్లు, సీజను సంగతేంటి?

చిన్న యూనిట్‌తో వస్తున్నామన్నారు కాబట్టి ముందు యాసతోనే మొదలుపెడతాను. లొకేషను కుదరకపోతే ఫ్రేము మార్చుకోవచ్చు. యాస కుదరకపోతే మాత్రం మావాళ్లు మొదటి రీలుకే పెదవి విరిచేస్తారు.

మామూలుగా జరిగే పొరపాటు ఏంటంటే, డైలాగంతా పుస్తకాల తెలుగులో రాసేసి చివర్లో ‘ఏటి’ (ఏమిటి) తగిలిస్తారు. మారాల్సింది క్రియలు. వచ్చేశాడు కాదు, వచ్చీసినాడు. వెళ్లిపోయాడు కాదు, ఎలిపోనాడు. ఆ పైన సాగదీత ఒకటి. ఈ యాసని ఏళ్ల తరబడి కమెడియన్లకే ఇచ్చారు కాబట్టి నటులు ప్రతి మాటనీ ఊపుతారు. ఇక్కడ చావింట్లోనూ, గట్టు తగాదాలోనూ ఇదే యాస, ఊపు లేకుండా గబగబా నడుస్తుంది. అందుకని రిహార్సల్స్‌లో ముందు కోపం సీను చేయించండి. అది నవ్వు తెప్పించకపోతే మిగతావి దారిన పడతాయి. కథలో కుటుంబం ఏ మండలందో ముందే తేల్చుకుని, అక్కడి మనిషి చేత డైలాగులన్నీ చదివించి, ఫోన్లో రికార్డు చేసి నటులకివ్వండి. డబ్బింగులో కూడా ఆ మనిషి పక్కనుండాలి. ఇచ్ఛాపురం వైపు మాటలో ఒడియా కలుస్తుంది, విజయనగరం టౌనులో అది వినబడదు.

ఇక వెలుతురు. మనది తూర్పు తీరం, సముద్రంలో సూర్యాస్తమయం దొరకదు. కళింగపట్నమైనా బారువైనా సముద్రం వెనకాల పెట్టి తీస్తే ఉదయం బ్యాక్‌లైటు (మనిషి వెనక నుంచి వెలుతురు), సాయంత్రం ఎండ నేరుగా ముఖాల మీద. హైదరాబాదు లెక్కన కాల్‌షీటు వేస్తే సాయంత్రం సుమారు 20 నిమిషాలు చేజారుతుంది. డిసెంబరులో ఐదుంపావు దాటితే పొద్దు వాలిపోయినట్టే.

మత్స్యకారుల కథైతే పెద్ద ట్రాలర్లు పెట్టకండి. అవి విశాఖలో ఉంటాయి. ఇక్కడ ఇసుక మీదికి లాగే ఫైబరు పడవలే ఎక్కువ. సరైన జెట్టీలు లేకే చాలామంది గుజరాత్‌లోని వెరావల్‌కి వలస పోతారు. 2018లో పాకిస్తాన్‌కి చిక్కిన డి.మత్స్యలేశం వాళ్లు అలా వెళ్లినవాళ్లే, ‘తండేల్’ సినిమా (2025)కి మూలం ఆ ఘటనే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మోటారు పడవలకి వేట నిషేధం. ఆ రోజుల్లో పడవలూ మనుషులూ ఒడ్డునే ఉంటారు కాబట్టి తీరం సీన్లకి సుఖం, చేపలు దింపే సీన్లకి పనికిరావు.

ఉద్దానంలో (శ్రీకాకుళం జిల్లా తీరం వైపు తోటల ప్రాంతం) జీడి, కొబ్బరి తోటలున్నాయి కదాని పాత ఫొటోలు చూసి రాకండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను చాలా తోటల్ని పడగొట్టేసింది. మళ్లీ నాటినవి పాతకాలం కథ చెప్పే పీరియడ్ సినిమాకి చిన్నగా కనిపిస్తాయి, స్వయంగా చూసుకోవాల్సిందే. పలాసలో జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ల పాత్రలుంటే మేకప్ మనిషికి ఒక్క మాట చెప్పండి: తొక్కలోని నూనె చర్మాన్ని కాల్చి వేళ్లు నల్లబారుస్తుంది. తెల్లటి వేళ్లతో క్లోజప్ తీస్తే అక్కడే దొరికిపోతారు.

శ్రీముఖలింగం గుడి, శాలిహుండం బౌద్ధ శిథిలాలు పురావస్తు శాఖవి. కలెక్టరు అనుమతి ఒక్కటే చాలదు, నెలల ముందే దరఖాస్తు పెట్టాలి. సీతంపేట కొండలు 2022 ఏప్రిల్ నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్నాయి, రాజాం విజయనగరంలోకి వెళ్లింది. పాత మ్యాపు పట్టుకుని శ్రీకాకుళం కలెక్టరేట్లో తిరిగితే రోజు వృథా.

విజయనగరంలో సిరిమానోత్సవం (పొడవాటి మాను చివర పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పైడితల్లమ్మ జాతర) తీయాలనుంటే దసరా తర్వాతి మంగళవారం మేడల మీద కెమెరాలు ముందే ఫిక్స్ చేసుకోండి, జనంలో ట్రాలీ కదలదు. ఊరేగింపులో పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు, బెస్తవారి వల సిరిమానుకి ముందు నడుస్తాయి. ఎడిటింగులో ఆ వరస తప్పితే ఊళ్లో పిల్లాడైనా పట్టేస్తాడు. సింక్ సౌండు (షూటింగులోనే పట్టే శబ్దం) మీద ఆశ పెట్టుకోకుండా డప్పులు ముందురోజే విడిగా రికార్డు చేసుకోండి.