జట్టులో ఉన్నందుకే మా అబ్బాయికి ఎక్కువ శిక్షా?

ప్రశ్న: మేము డల్లాస్ దగ్గర ఉంటున్నాం. మా అబ్బాయికి 19 ఏళ్లు. వేరే రాష్ట్రంలోని యూనివర్సిటీలో రెండో సంవత్సరం చదువుతూ అక్కడి టెన్నిస్ జట్టులో ఆడుతున్నాడు. ఫీజులో కొంత భాగం క్రీడా స్కాలర్‌షిప్ కింద వస్తుంది. గత నెల డార్మ్ గదిలో స్నేహితుడి పుట్టినరోజు చేసుకుంటూ నలుగురు బీరు సీసాలతో దొరికిపోయారు. మిగతా ముగ్గురినీ ఒక హెచ్చరిక, ఒక ఆన్‌లైన్ కోర్సుతో వదిలేశారు. మావాడికి అవి కాక కోచ్ మూడు వారాల సస్పెన్షన్ కూడా వేశారు. అందరూ చేసింది ఒకే తప్పు కదా! ఫోన్ చేస్తే కోచ్ మాతో మాట్లాడనన్నారు. మావారు ఆట మాన్పించేద్దాం అంటున్నారు. స్కాలర్‌షిప్ పోతుందేమోనని నాకు నిద్ర పట్టడం లేదు. - ఒక తల్లి

జవాబు: అమ్మా, మీరు ఒకే శిక్షగా చూస్తున్నవి నిజానికి రెండు. హెచ్చరిక, కోర్సు యూనివర్సిటీ వేసినవి. అవి నలుగురికీ సమానంగానే పడ్డాయి. సస్పెన్షన్ జట్టు వేసింది. ఆ ముగ్గురూ జట్టులో లేరు కాబట్టి అది వారికి వర్తించదు. సాధారణంగా సీజన్ మొదలయ్యే ముందే క్రీడాకారులందరి చేతా ప్రవర్తనా నియమావళి మీద సంతకం పెట్టించుకుంటారు. మీవాడు సంతకం చేసిన కాగితాన్ని ముందు తెప్పించుకుని, మద్యం గురించి అందులో ఏం రాసి ఉందో, మొదటిసారి దొరికితే ఎన్నాళ్ల సస్పెన్షన్ అని ఉందో చదవండి. మూడు వారాలని అందులో ఉంటే కోచ్ రాసుకున్న నియమం ప్రకారమే నడిచారు. అంతకన్నా ఎక్కువ వేసి ఉంటే కారణం అడిగే హక్కు మీవాడికి ఉంది.

ఇక ఆడేవాళ్ల నుంచి మైదానం బయట కూడా ఎక్కువ నడవడిక ఆశించడం న్యాయమేనా అంటే, ఒక హద్దు వరకు న్యాయమేనని నా అభిప్రాయం. ఊళ్లోని చిన్నపిల్లలకు వీళ్లు ఆదర్శంగా ఉండాలన్న వాదనకు నేను పెద్దగా విలువ ఇవ్వను; 19 ఏళ్ల కుర్రాడి భుజాల మీద మోపాల్సిన బరువు కాదది. నాకు కనిపించే కారణం వేరు. మీవాడికి ఆట వల్ల ఫీజులో డబ్బు వస్తోంది, కాలేజీ ఖర్చుతో ఊళ్లు తిరుగుతున్నాడు, 2021 జూలై నుంచి కాలేజీ క్రీడాకారులు తమ పేరు, బొమ్మ వాడుకోనిచ్చి సంపాదించుకునే వీలు కూడా కలిగింది. చొక్కా మీద కాలేజీ పేరు వేసుకుని ఇవన్నీ అందుకుంటున్నవాడు ఆ పేరుకు సంబంధించిన కొన్ని కట్టుబాట్లను ఒప్పుకోవడంలో అన్యాయం లేదు. పైగా అమెరికాలో 21 ఏళ్లు నిండనివారికి మద్యం నిషిద్ధమన్నది కోచ్ పెట్టిన నియమం కాదు, చట్టం.

ఆ హద్దు ఎక్కడుందో తెలియడానికి రెండు ఉదంతాలు చెబుతాను. 2016 నవంబరులో హార్వర్డ్ యూనివర్సిటీ తన పురుషుల సాకర్ జట్టు ఐవీ లీగ్‌లో మొదటి స్థానంలో ఉండగానే మిగిలిన సీజన్‌ను రద్దు చేసింది. మహిళా జట్టులో చేరిన అమ్మాయిల రూపురేఖలకు మార్కులు వేస్తూ అసభ్యమైన రాతలు రాయడం ఆ జట్టులో కొన్నేళ్లుగా నడుస్తోందని తేలడమే కారణం. ఆ తప్పు జట్టులోనే పుట్టి జట్టులోనే పెరిగింది, విచారణలో రుజువైంది కూడా. అంతకు పదేళ్ల ముందు, 2006లో, డ్యూక్ యూనివర్సిటీలో లక్రాస్ ఆటగాళ్ల పార్టీ తర్వాత ముగ్గురి మీద అత్యాచార ఆరోపణ వస్తే, నిజం తేలకముందే సీజన్ రద్దయింది, కోచ్ పదవి పోయింది. 2007 ఏప్రిల్‌లో రాష్ట్ర అటార్నీ జనరల్ కేసు కొట్టివేసి ఆ ముగ్గురూ నిర్దోషులని ప్రకటించారు. కేసు నడిపిన ప్రాసిక్యూటర్ లాయరుగా ఉండే అర్హతనే పోగొట్టుకున్నారు. ఆటగాళ్లు కదా, చేసే ఉంటారన్న అనుమానం అక్కడ సాక్ష్యం స్థానంలో కూర్చుంది. మీవాడి విషయంలో జరిగింది అందరికీ తెలుసు, అతను కాదనడమూ లేదు. కాబట్టి ఇది రెండో రకం కాదు.

అన్యాయం మరో దారిలోనూ రావచ్చు. జట్టును గెలిపించే ఆటగాడు ఇదే పని చేసి ఇంతకుముందు తప్పించుకున్నాడా? పెద్ద ఆటగాళ్ల విషయంలో కళ్లు మూసుకున్న కాలేజీలు ఉన్నాయి. లైంగిక దాడుల ఫిర్యాదుల మీద బేలర్ యూనివర్సిటీ, దాని ఫుట్‌బాల్ విభాగం వ్యవహరించిన తీరు 2016లో బయటపడి, అధ్యక్షుడి పదవి, కోచ్ ఉద్యోగం రెండూ పోయాయి. నియమం అందరికీ ఒకటేనా అన్నది మీవాడు కోచ్‌ను మర్యాదగా అడగదగిన ప్రశ్న. "డార్మ్‌లో వాళ్లకు లేనిది నాకెందుకు" అనడం కన్నా "జట్టులో అందరికీ ఇదేనా" అని అడగడంలో బలం ఉంది.

స్కాలర్‌షిప్ గురించి: మూడు వారాల సస్పెన్షన్‌తో అది దానంతటది పోదు. ఇచ్చిన గడువు మధ్యలో దాన్ని తగ్గించాలన్నా రద్దు చేయాలన్నా, కాలేజీ క్రీడలను నియంత్రించే సంస్థ అయిన ఎన్‌సీఏఏ నిబంధనలు కొన్ని కారణాలనే ఒప్పుకుంటాయి. ప్రవర్తన కారణంగానైతే అది తీవ్రమైన తప్పుగా ఉండాలి, అలా తేల్చాల్సింది కూడా కోచ్ కాదు, విద్యార్థులందరికీ ఉండే క్రమశిక్షణ విభాగమే. ఆ పరిస్థితి వస్తే హియరింగ్ కోరే హక్కు ఉందని లిఖితపూర్వకంగా తెలియజేయాలి, ఆ హియరింగ్‌ను క్రీడా విభాగానికి అప్పగించకూడదు. అందువల్ల యూనివర్సిటీ ఆర్థిక సహాయ విభాగం నుంచి వచ్చే ఏ మెయిల్‌నూ చదవకుండా వదలవద్దని, గడువు తేదీ రాసి పెట్టుకోమని అబ్బాయికి చెప్పండి. వచ్చే ఏడాది పొడిగింపు మీద దీని ప్రభావం ఉంటుందా అన్నది మెయిల్‌లోనే అడిగి, జవాబు దాచుకోమనండి.

కోచ్ మీతో మాట్లాడకపోవడం అవమానం కాదు. కాలేజీలో చేరాక విద్యార్థి రికార్డుల మీద హక్కులు 1974 నాటి చట్టం ప్రకారం విద్యార్థికే చెందుతాయి. "రేపు మీ నాన్నను తీసుకురా" అనే ప్రిన్సిపాళ్ల మధ్య చదువుకున్న మనకు ఇది మింగుడుపడదు, నిజమే. కానీ ఈ సంభాషణ మీ అబ్బాయే చేయాలి. అతని తరఫున మెయిల్ మీరు రాసి పంపవద్దు. ఏం అడగబోతున్నాడో ఒకసారి మీకు చెప్పి చూసుకుంటే చాలు.

మీవారితో ఒక మాట అనండి: యూనివర్సిటీ ఒక శిక్ష వేసింది, జట్టు ఒకటి వేసింది, ఆట మాన్పిస్తే ఇంట్లో వేసే మూడోది ఆ రెండింటికన్నా పెద్దదవుతుంది. మూడు వారాలు గడిచేదాకా ఆ మాట ఎత్తకుండా ఉండటం మంచిది. ఆ తర్వాతైనా కొనసాగాలా వద్దా అన్నది ఆడేవాడిని అడగాల్సిన సంగతి.

చివరిగా, మీ ఉత్తరంలో న్యాయం ఉంది, ఫీజు ఉంది, ఆట ఉంది. అబ్బాయి తాగడం గురించి మాత్రం ఒక్క ప్రశ్న కూడా లేదు. అది ఆ ఒక్క పుట్టినరోజు ముచ్చటేనా, వారం వారం జరుగుతున్నదా? ఈసారి ఫోన్‌లో సస్పెన్షన్ ఊసెత్తకుండా ఆ ఒక్కటే అడగండి, అతను చెప్పేది మధ్యలో ఆపకుండా వినండి. అలవాటుగా మారిందనిపిస్తే యూనివర్సిటీ కౌన్సెలింగ్ కేంద్రానికి వెళ్లమనండి. అక్కడ చెప్పుకున్న మాటలు సాధారణంగా కోచ్ దాకా వెళ్లవని కూడా అతనికి తెలియజేయండి, ఎందుకంటే పిల్లలు వెనకాడేది ఎక్కువగా ఆ భయంతోనే.