న్యూజిలాండ్ పార్లమెంటు ఎన్నికల్లో దామాషా పద్ధతి (పార్టీకి వచ్చిన ఓట్ల శాతాన్ని బట్టి సీట్లు ఇవ్వడం) ఎందుకు, ఎప్పుడు వచ్చింది?

సూటిగా చెప్పాలంటే, పాత పద్ధతి మీద జనానికి నమ్మకం పోయింది కాబట్టి వచ్చింది. అప్పట్లో అక్కడా మన లోక్‌సభ ఎన్నికల్లాగే, నియోజకవర్గంలో ఎవరికి ఎక్కువ ఓట్లొస్తే వాళ్లే గెలిచేవాళ్లు. 1978లో, మళ్లీ 1981లో దేశం మొత్తమ్మీద లేబర్ పార్టీకే ఎక్కువ ఓట్లు పడ్డాయి, అయినా సీట్లు ఎక్కువ గెలిచి ప్రభుత్వంలో కొనసాగింది మాత్రం నేషనల్ పార్టీ. ఇంకా ఘోరం, 1981లో సోషల్ క్రెడిట్ అనే పార్టీకి దాదాపు 21 శాతం ఓట్లొస్తే దక్కినవి 92 సీట్లలో రెండంటే రెండే! ఓటేసిన ప్రతి ఐదుగురిలో ఒకరి మాటకి సభలో విలువే లేకపోతే ఎలా?

1986లో రాయల్ కమిషన్, అంటే ప్రభుత్వం వేసిన విచారణ సంఘం, స్థానిక నియోజకవర్గాల్నీ దామాషానీ కలిపిన మిశ్రమ దామాషా పద్ధతిని సిఫారసు చేసింది. పెద్ద పార్టీలు నాన్చాయి. చివరికి 1993 రిఫరెండంలో (నేరుగా ప్రజల్నే ఓటు ద్వారా అడగడం) దాదాపు 54 శాతం మంది సరే అన్నారు, 1996 ఎన్నికల నుంచి అమల్లోకొచ్చింది.

ఇందులో ఓటరుకి రెండు ఓట్లు, ఒకటి స్థానిక అభ్యర్థికి, రెండోది పార్టీకి. సభలో ఏ పార్టీ బలం ఎంతో తేల్చేది ప్రధానంగా ఈ రెండో ఓటే. పార్టీకి 5 శాతం ఓట్లయినా రావాలి, లేదా ఒక్క నియోజకవర్గమైనా గెలవాలి, అప్పుడే వాటా. నా దృష్టిలో ఈ 5 శాతం గీత కాస్త ఎక్కువే. 2011లో మళ్లీ అడిగినా జనం ఈ పద్ధతే ఉంచమన్నారు.