వెనక కూర్చుండిపోయిన ఎంజీబీకి ఏ కమాన్ కట్టలు వెయ్యాలి?

ప్రశ్న: నమస్తే సార్. మాది గుంటూరు బ్రాడీపేట. మా పెదనాన్నగారు ఇంగ్లండులో ఉద్యోగం చేసి తిరిగొస్తూ తెచ్చుకున్న 1969 ఎంజీబీ రోడ్‌స్టర్, అంటే స్టీలు రూఫు లేని రెండు సీట్ల ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు, ఇప్పుడు నా దగ్గరుంది. ఇంజను బానే ఉంది కానీ వెనక బాగా కిందకి కూర్చుండిపోయింది, డ్రైవర్ వైపు ఇంకా ఎక్కువ, ఇద్దరం ఎక్కి మంగళగిరి వైపు వెళ్తే స్పీడ్ బ్రేకర్ల దగ్గర ధబ్‌మని కొడుతోంది. విజయవాడ ఆటోనగర్లో ఒకాయన వెనక కమాన్ కట్టలో ఉన్న పట్టీలకే ఇంకో మందం పట్టీ కలిపి వంపు కొట్టిస్తా అంటున్నాడు. ఫ్రెండేమో ఎంజీబీలోనే జీటీ మోడల్ స్ప్రింగులు తెప్పించు, స్పోర్ట్స్ కారన్నాక గట్టిగా ఉండాలి అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

జవాబు: ఇద్దరి మాటా వద్దండి. మీ కారుకి కావాల్సింది గట్టి స్ప్రింగులు కాదు, రోడ్‌స్టర్‌కి కంపెనీ ఇచ్చిన కొలతల్లోనే కొత్తవి, వాటితో పాటు కొత్త బుష్‌లు (పట్టీల చివర్లలో ఉండే రబ్బరు తొడుగులు), సరిగ్గా పనిచేసే షాక్ అబ్జార్బర్లు. ఈ మూడూ కలిసి పడితే అదే పెద్ద అప్‌గ్రేడ్, యాభై ఏళ్ళు దాటిన కారు ఫ్యాక్టరీలోంచి వచ్చినప్పుడు ఎలా నడిచిందో మీరింకా చూళ్ళేదు కాబట్టి దాన్ని మించింది కావాలనిపిస్తోంది అంతే.

ముందు మందం పట్టీ సంగతి చెప్తా, ఎందుకంటే మన దగ్గర ఎక్కువ కార్లు పాడయ్యేది అక్కడే. పట్టీ గట్టిదనం దాని మందం మీద మామూలుగా పెరగదు, ఘనం లెక్కలో, అంటే మందాన్ని మందంతో మళ్ళీ మందంతో గుణించిన లెక్కలో పెరుగుద్ది. ఉదాహరణకి 6 మిల్లీమీటర్ల పట్టీ పక్కన అంతే వెడల్పు అంతే పొడవున్న 7 మిల్లీమీటర్ల పట్టీ పెట్టండి, చేతిలో పట్టుకుంటే తేడా తెలీదు గానీ వంచడానికి దాదాపు 60 శాతం ఎక్కువ బలం కావాలి, 8 మిల్లీమీటర్లయితే ఆ ఒక్క పట్టీయే రెండు 6 మిల్లీమీటర్ల పట్టీలకంటే గట్టిది. ఇక లారీ కట్టలోంచి తీసిన ముక్కని కోసి ఎంజీబీ కింద పెడితే ఏమవుద్దో మీరే ఆలోచించండి. ఆటోనగర్ మేస్త్రీల పనితనాన్ని నేను తక్కువ చెయ్యట్లేదు, పది టన్నుల లోడు లారీకి కట్ట కట్టడంలో వాళ్ళని మించినవాళ్ళు లేరు, కానీ మీ కారు బరువు మొత్తం కలిపి టన్ను లోపే. వెనక అంత గట్టిగా అయిపోతే చక్రం గుంటలోకి దిగదు, కారే పైకి ఎగురుద్ది.

పాత పట్టీలకి వంపు కొట్టించడం గురించి. చల్లగా ఉండగానే సుత్తితో కొట్టి వంచితే కొన్నాళ్ళు నిలబడుద్ది, తర్వాత మళ్ళీ కూర్చుంటది, ఎందుకంటే అలిసిపోయిన ఉక్కు అలాగే ఉంది, ఆకారం మాత్రమే మారింది. గ్యాస్ మంట పెట్టి ఎర్రగా కాల్చి వంచడం ఇంకా ప్రమాదం, పట్టీలకి స్ప్రింగు గుణం వచ్చేదే ఫ్యాక్టరీలో ఎర్రగా కాచి నూనెలో ముంచి మళ్ళీ కొలత ప్రకారం తక్కువ వేడిలో కాచడం వల్ల, రోడ్డు పక్కన కాల్చి గాలికి వదిలేస్తే ఆ గుణం పోద్ది. హీట్ ట్రీట్‌మెంట్ ఫర్నేసు ఉన్న స్ప్రింగు వర్క్‌షాపు అయితే వేరు, అక్కడ సిలికాన్ మాంగనీసు స్ప్రింగు స్టీలుతో మీ పాత పట్టీ కొలతల మీద కొత్త సెట్టే చేయించుకోవచ్చు. కానీ ఎంజీబీకి స్ప్రింగులు ఇప్పటికీ బయట తయారవుతున్నాయి, ఇంగ్లండు నుంచి వచ్చేస్తాయి, కాబట్టి నేనైతే తెప్పించుకోమనే చెప్తా.

తెప్పించేటప్పుడు మోడల్ చూసి చెప్పండి. 1965లో వచ్చిన జీటీకి పైన స్టీలు రూఫు, వెనక పెద్ద డోరు ఉన్నాయి, ఆ బరువు కోసం దాని స్ప్రింగులు గట్టిగా చేశారు, అవి మీ రోడ్‌స్టర్‌కి వేస్తే వెనక భాగం పైకి లేచి నిలబడుద్ది. 1974 చివర్లో రబ్బరు బంపర్లు వచ్చాక కారు ఎత్తే పెంచేశారు, వాటి స్ప్రింగులూ వద్దు. యాక్సిల్ (వెనక చక్రాల ఇరుసు) కూడా చూసుకోవాలి, మొదట్లో వచ్చిన బాంజో యాక్సిల్‌కీ తర్వాత వచ్చిన ట్యూబ్ యాక్సిల్‌కీ పట్టీల కట్టని యాక్సిల్‌కి బిగించే యూ బోల్టులు, మధ్యలో ఉండే ప్యాడ్లు వేరు, మీ 1969 కారుకి ట్యూబ్ రకమే ఉండాలి గానీ ఇన్నేళ్ళలో ఎవరైనా మార్చారేమో కిందకి దూరి చూడండి.

గట్టి స్ప్రింగు వద్దనడానికి అసలు కారణం ఇంకోటుంది. ఈ కారుకి వెనక పట్టీలు బరువు మొయ్యడమే కాదు, యాక్సిల్‌ని పట్టుకుని ఉండేది కూడా అవే, ముందేమో కాయిల్ స్ప్రింగులు. వెనక మాత్రమే గట్టి చేసి ముందు అలాగే వదిలేస్తే మలుపులో బరువు ఎక్కువగా వెనక బయటి టైరు మీద పడి ఆ టైరే మొదట పట్టు వదుల్తుంది. వానలో ప్రకాశం బ్యారేజీ దాటి మలుపు తిరిగేటప్పుడు తోక జారిందంటే ఈ కార్లో ఏబీఎస్ లాంటివేమీ లేవు, మీరే సర్దుకోవాలి.

ఆర్డరు పెట్టే ముందు ఒక పని చెయ్యండి. బల్లపరుపు నేల మీద కారు పెట్టి నాలుగు టైర్లలో గాలి సరిచూసి, వెనక చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా టేపుతో రెండు వైపులా కొలిచి రాసిపెట్టుకోండి. తర్వాత కిందకి వెళ్ళి టార్చ్ వేసి చూడండి, యూ బోల్టు పట్టు అంచు దగ్గర పట్టీ మీద అడ్డంగా వెంట్రుక లాంటి గీత కనిపిస్తే అది తుప్పు గీత అనుకోవద్దు, పగులు, వేలుగోరు పెట్టి గీస్తే గోరు ఆగుద్ది. అలాంటి పట్టీతో కారు రోడ్డెక్కించొద్దు. ఒక వైపే విరిగినా రెండు వైపులా కొత్తవే వెయ్యాలి, ఒకటి కొత్తది ఒకటి పాతది అయితే కారు పక్కకి వాలుద్ది.

బిగించేటప్పుడు చాసిస్ కింద స్టాండ్లు పెట్టి, యాక్సిల్ కింద వేరే జాకీ ఉంచాలి, లేకపోతే యాక్సిల్ మొత్తం వెనక బ్రేకు గొట్టానికి వేలాడుద్ది. యూ బోల్టులు పాతవి వాడొద్దు, అవి సాగి ఉంటాయి. పట్టీలన్నిటినీ కలిపి పట్టే సెంటర్ బోల్టు తల ప్యాడులోని రంధ్రంలో సరిగ్గా కూర్చుందో లేదో వేలితో తడిమి చూశాకే యూ బోల్టులు బిగించాలి, అది పక్కకి తప్పితే యాక్సిల్ వంకరగా నిలిచి కారు ఏటవాలుగా నడుస్తుంది, వెనక నుంచి చూసేవాళ్ళకి స్పష్టంగా తెలుస్తుంది కూడా. ఇంకా ముఖ్యం, పట్టీ ముందు చివర ఉండే గుండ్రటి కన్ను (ఐ) బోల్టు, వెనక చివరని చాసిస్‌కి కలిపే షాకిల్ నట్లు చివరి బిగింపు కారు నేల మీదకి దించాకే. ముందు బుష్‌లో రబ్బరు లోపలి గొట్టానికి అతుక్కుని ఉంటది, యాక్సిల్ వేలాడుతుండగా బిగిస్తే కారు దించగానే రబ్బరు మెలితిరిగి అలాగే ఉండిపోయి త్వరగా చిరిగిపోద్ది, ఎత్తు కూడా తప్పొస్తుంది. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులు మళ్ళీ బిగించుకోండి, అప్పటికి స్ప్రింగులు కూడా సర్దుకుంటాయి, మొదటి రోజు వెనక ఎత్తుగా కనిపిస్తే కంగారొద్దు.

పాలీ (పాలీయురేథేన్) బుష్‌లు షాకిల్ దగ్గర వేసుకోవచ్చు, ముందు ఐ దగ్గర మాత్రం రబ్బరే ఉంచండి, మన గతుకుల రోడ్లకి అదే సుఖం. ఇక మీ కారుకి వెనక ఉండేవి లివర్ ఆర్మ్ డ్యాంపర్లు, అంటే ఒక ఆర్మ్ ఊగుతూ పనిచేసే పాత రకం షాక్ అబ్జార్బర్లు, వాటి లింకు విప్పి చేత్తో ఆ ఆర్మ్‌ని పైకీ కిందకీ ఆడించండి, రెండు వైపులా మొదటి నుంచి చివరిదాకా ఒకే గట్టిదనం రావాలి, మధ్యలో ఖాళీగా ఆడితే ఆయిల్ తక్కువైనట్టు లేదా లోపల అరిగినట్టు. పైన యాక్సిల్ మరీ కిందకి దిగకుండా ఆపే పట్టాలు, గుద్దుకోకుండా ఉండే రబ్బర్లు కూడా మార్చెయ్యండి, మీకు ధబ్‌మని వినిపించేది ఆ రబ్బర్లకి తగిలే శబ్దమే అయ్యుంటుంది.

ప్రశ్న: మాది విజయవాడ పటమట. మా నాన్నగారి అంబాసిడర్ వెనక కిర్రుకిర్రుమంటోంది, పట్టీల మధ్య గ్రీజు కొట్టించమంటున్నారు. కొట్టించొచ్చా సార్?

జవాబు: పేక ముక్కల కట్టని వంచితే ముక్కలు ఒకదాని మీద ఒకటి జారతాయి కదమ్మా, పట్టీలూ అంతే, గుంటలో పడ్డప్పుడల్లా జారతాయి, తుప్పు పట్టి ఉంటే అక్కడే కిర్రుమంటది. పట్టీల మధ్య ఉత్త ఇనుమే ఉంటే కట్ట విప్పి బ్రష్‌తో శుభ్రం చేసి గ్రాఫైట్ గ్రీజు పల్చగా రాయించండి. మధ్యలో రబ్బరు లేదా నైలాన్ ముక్కలుంటే గ్రీజు వద్దు, రబ్బరు ఉబ్బిపోద్ది. విప్పకుండా పైపైన గ్రీజు పూసి పంపిస్తామంటే ఒప్పుకోవద్దు, దానికి దుమ్ము అంటుకుని గరుకు కాగితంలాగా పట్టీల్ని అరగదీస్తుంది. షాకిల్ బుష్‌లు కూడా చూపించండి, చాలాసార్లు శబ్దం పట్టీలది కాదు, వాటిదే.

ప్రశ్న: తెనాలి నుంచి. పాత కారుకి స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు మారిస్తే వింటేజ్ రిజిస్ట్రేషన్‌కి ఇబ్బందా?

జవాబు: 2021 నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటిన వాహనం అసలు రూపంలో ఉండాలి, చాసిస్, బాడీ, ఇంజనుల్లో పెద్ద మార్పులు చెయ్యకూడదు. కొత్తగా రిజిస్టర్ చేస్తే నంబర్లో వీఏ అని వస్తుంది, ఫీజు 20,000 రూపాయలు, 10 ఏళ్ళు చెల్లుతుంది, రెన్యువల్‌కి 5,000. ఇప్పటికే నంబరున్న కారు ఆ పాత నంబరే ఉంచుకోవచ్చు. అదే కొలతల పట్టీలు, బుష్‌లు వేస్తే అది రిపేరు కిందే లెక్క. టెలిస్కోపిక్ (గొట్టం రకం) షాక్ అబ్జార్బర్ల కిట్టు కావాలంటే ఉన్న బోల్టు రంధ్రాల్లోనే కూర్చునేది తీసుకోండి, బ్రాకెట్ల కోసం చాసిస్‌కి వెల్డింగు పెట్టించొద్దు. ఇంకో మాట, వింటేజ్ కింద రిజిస్టరైన బండిని రోజూ ఆఫీసుకి తిప్పడానికి లేదు, ర్యాలీలకి, ఎగ్జిబిషన్లకి, పెట్రోలుకి, రిపేర్లకి మాత్రమే రోడ్డెక్కాలి, అది చూసుకుని అప్లై చెయ్యండి.